బంగ్ల మీద నిండా గీతలు, వంటింట్లో సున్నా: ఇంట్లో, దుకాణంలో సిగ్నల్ సరిచేసుకునే పద్ధతి

హన్మకొండలో నూటయాభై గజాల్లో లేచిన ఏ రెండంతస్తుల ఇల్లు చూసినా ఇదే తంతు. బంగ్ల మీద, అంటే డాబా పైన, ఫోన్‌లో నిండా సిగ్నల్ గీతలుంటాయి. మెట్లు దిగి మధ్య గదిలోకొస్తే రెండు మిగులుతాయి, వంటింట్లో అవీ పోతాయి. రెండు పక్కలా పొరుగింటి గోడలు ఆనుకుని, కిటికీ అన్నది వీధి వైపే ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న: ఏ బూస్టర్ కొనాలి?

ఏదీ కొనొద్దు. లైసెన్స్ ఉన్న టెలికాం కంపెనీలు తప్ప ఇంకెవరూ మొబైల్ సిగ్నల్ బూస్టర్‌ను ఉంచుకోవడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జనవరిలో మరోసారి స్పష్టంగా చెప్పింది. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అంటే, దొరకడం వేరు, వాడొచ్చుననడం వేరు. చట్టం సంగతి పక్కన పెట్టినా పని చేసే తీరులోనే తిరకాసు ఉంది. బూస్టర్‌కు పైన ఒక యాంటెన్నా, లోపల ఒకటి ఉంటాయి. లోపలిది వదిలే సిగ్నల్ తిరిగి పైదానికి తగిలితే, ఫంక్షన్ హాల్లో మైకును స్పీకర్ ఎదురుగా పెట్టినప్పుడు కీచుమన్నట్టే ఇదీ కీచుమంటుంది. మన చెవికి వినపడదు, టవర్‌కు వినపడుతుంది. సిగ్నల్ హెచ్చుతగ్గులను డీబీ (డెసిబెల్)లలో లెక్కిస్తారు. 65 డీబీ పెంచే బూస్టర్ కుదురుగా ఉండాలంటే రెండు యాంటెన్నాల మధ్య కనీసం 80 డీబీ అడ్డు కావాలి. ఒక్క స్లాబు అందులో నాలుగో వంతు ఇస్తే గొప్ప. ఫలితంగా మీ ఇంట్లో గీతలు పెరుగుతాయి, గల్లీ మొత్తానికి కాల్స్ తెగుతాయి. టవర్ వాళ్లు ఆ గోలను కొలతలతో వెతుక్కుంటూ నేరుగా మీ ఇంటికే రాగలరు. ఫోన్ వెనక అతికించే రాగి స్టిక్కర్లయితే ఇంత చర్చకు కూడా తగవు.

మరి దారి? సిగ్నల్‌ను స్లాబులోంచి తోయాలని చూడకుండా, అది ఉన్నచోటు నుంచి తీగ మీద లోపలికి తెచ్చి, లోపల వైఫైగా పంచుకోవడం. ఫోన్ మాటలు కూడా ఆ వైఫై మీదే నడపడం. కింద చెప్పేదంతా ఈ పని గురించే.

ముందు కొలవండి

గీతలను నమ్మొద్దు. ఎన్ని డీబీఎంకు (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత) ఎన్ని గీతలన్నది ఫోన్ కంపెనీ ఇష్టం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అంకె కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ సెల్ ఇన్ఫో లైట్ లాంటి యాప్ వేసుకుంటే కింద చెప్పే రెండు అంకెలూ, బ్యాండ్ నంబరూ (ఫోన్ ఏ అలల మీద నడుస్తోందో చెప్పేది) ఒకేచోట చూడొచ్చు.

మొదటి అంకె ఆర్ఎస్ఆర్పీ, అంటే సిగ్నల్ బలం. మైనస్‌లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ మేలు. -90 కంటే మెరుగైతే నిశ్చింత. -100 దాకా పని నడుస్తుంది. -110 దాటితే మాట తెగుతుంది, -120 దగ్గర ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది. రెండోది ఎస్ఐఎన్ఆర్, సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పేది. 13 పైన బాగున్నట్టు, సున్నా కిందికి పోతే పక్క టవర్ల గోలలో మునిగిపోతున్నట్టు.

ఇంటి ప్లాన్ ఒక కాగితం మీద గీయండి. ప్రతి గది మధ్యలో నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టుకుని, అర నిమిషం ఆగి రాయండి. అటు తిరిగి ఇంకోసారి రాయండి, మన ఒళ్లు కూడా అడ్డే. బంగ్ల మీద నాలుగు మూలలా, వీధి దర్వాజ బయట ఒకసారి కొలవండి. ఇంట్లో వేర్వేరు కంపెనీల సిమ్ములుంటే ఒక్కోదానికి వేరుగా. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి. గంట పని, కానీ తర్వాత పెట్టే ప్రతి రూపాయి ఈ కాగితాన్ని బట్టే ఉంటుంది.

అంకెలు చెప్పే జబ్బు

3 డీబీ తగ్గితే సిగ్నల్ సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతు, 30 తగ్గితే వెయ్యో వంతు. గిలాబు చేసిన తొమ్మిదంగుళాల ఇటుక గోడ సుమారు 5 నుంచి 10 డీబీ తింటుంది. సలాకల జాలితో పోసిన స్లాబు 15 నుంచి 25. పాత ఇళ్లలోని రెండడుగుల రాతి గోడ అంతకు తక్కువేం కాదు. ఎలివేషన్‌కు పెట్టే మెరిసే అద్దాల మీద లోహపు పూత ఉంటుంది, అది 20 నుంచి 30 తింటుంది. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీటు, ఇనుప రేకు దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. హన్మకొండ చౌరస్తాలో కొత్తగా ఏసీపీ, అద్దం వేయించుకున్న దుకాణంలో ఉన్నట్టుండి ఫోన్ పలకడం మానేస్తే టవర్‌ను తిట్టి లాభం లేదు.

బంగ్ల మీద -82, మధ్య గదిలో -114 వచ్చిందనుకోండి. 32 డీబీ ఇల్లే మింగింది. ఇది భవనం జబ్బు, వైఫైతో పూర్తిగా నయమవుతుంది. బంగ్ల మీదే -112 ఉంటే టవర్ దూరం, బయటి యాంటెన్నా కావాలి. అన్నిచోట్లా -85 ఉండి, పొద్దున బాగా నడిచి, రాత్రి మాత్రం నెట్ పాకుతుంటే టవర్ మీద జనం ఎక్కువయ్యారని. దానికి ఇంట్లో చేయగలిగిందేమీ లేదు. ఇంకో కంపెనీ సిమ్ కొలిచి చూడండి, లేదా ఫైబర్ తీసుకోండి.

బ్యాండ్ కూడా చూడండి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ అలలు, అంటే బ్యాండ్ 28, 5, 8, గోడల్లోంచి కాస్త దూరుతాయి. 2300, అంటే బ్యాండ్ 40, తడబడుతుంది. మన దగ్గర 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్, అదే ఎన్78, వీధి గది దాటి లోపలికి రావడానికి మొరాయిస్తుంది. లోపలి గదుల్లో ఫోన్ క్షణానికోసారి 5జీకీ 4జీకీ మారుతుంటే, ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌ను ఎల్టీఈకి, అంటే 4జీకి, మార్చి రెండు రోజులు చూడండి. కొన్ని ఇళ్లలో కాల్ తెగడం ఇంతటితోనే తగ్గుతుంది, ఖర్చు సున్నా.

వైఫై కాలింగ్

ఫైబర్ ఉన్న ఇంట్లో ఇది ఆన్ చేయకుండా ఇంకేదైనా కొనడం దండగ. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి. మామూలు నంబరుకే, మామూలు డయలర్‌లోంచే కాల్ వెళ్తుంది. వేరే యాప్ అక్కర్లేదు, అవతలివాళ్లకు తేడా తెలియదు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, సిమ్, వైఫై కాలింగ్. రెండు సిమ్ములుంటే రెండింటికీ విడివిడిగా ఆన్ చేయాలి, చాలామంది ఒకదానితో ఆపేస్తారు. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీలోనే ఉంటుంది. ఆన్ చేశాక ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి కాల్ చేయండి. కలిసిందంటే పని అయినట్టే.

కలవకపోతే ఎక్కువసార్లు తప్పు రౌటర్‌ది. వైఫై కాల్ ఐపీసెక్ అనే రహస్య సొరంగంలో వెళ్తుంది, దానికి యూడీపీ 500, 4500 పోర్టులు కావాలి. రౌటర్‌లో ఐపీసెక్ పాస్‌త్రూ ఆఫ్‌లో ఉన్నా, ఆఫీసు ఫైర్‌వాల్ ఆ పోర్టులు మూసినా కాల్ లేవదు. ఇంకో ఇబ్బంది గేటు దగ్గర. మాట్లాడుతూ బయటికి నడిస్తే కాల్ వైఫై నుంచి 4జీకి మారాలి. అక్కడ 4జీ పట్టీపట్టనట్టుంటే కాల్ తెగిపోతుంది. వైఫైని గేటు దాకా పెంచినంత మాత్రాన ఇది పోదు, తెగేచోటు వీధిలోకి జరుగుతుందంతే.

కరెంటు పోతే వైఫై కాల్ కూడా పోతుంది. ఓఎన్టీ (ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా), రౌటర్ కలిపి 15 వాట్లు తింటాయనుకుంటే, 37 వాట్-అవర్ మినీ యూపీఎస్ సుమారు రెండు గంటలు మోస్తుంది. కొనేముందు రెండింటి అడాప్టర్ల మీద వోల్టేజీ చదవండి. ఒకటి 12, ఇంకొకటి 9 వోల్టులుంటే, పిన్ను దూరింది కదా అని పెడితే 9 వోల్టులది కాలిపోతుంది.

రౌటర్ చోటు మార్చండి

ఫైబర్ బిగించడానికి వచ్చినతను తీగ ఎక్కడ తక్కువ పడితే అక్కడ పెట్టిపోతాడు. వీధి గది సజ్జ మీదో, టీవీ వెనకో. అక్కడ సగం వైఫై వీధిలోకే పోతుంది. ఇంటి మధ్యలో, మెట్ల దగ్గర, ఐదారడుగుల ఎత్తులో గోడకు బిగించండి. మెట్ల దారిలో స్లాబు ఉండదు కాబట్టి పై అంతస్తుకు సిగ్నల్ ఎక్కే కిటికీ అదే. బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు దగ్గర వద్దు. ఫైబర్ తీగను జరిపేటప్పుడు మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగువుగా వంచకండి. జరిపాక ఓఎన్టీ పేజీలో ఆప్టికల్ పవర్ చూడండి. -27 డీబీఎం దగ్గరికి పోయిందంటే ఎక్కడో వంపు విరిగింది, లేదా కనెక్టర్‌లో దుమ్ముంది.

అంతస్తుకొక యాక్సెస్ పాయింట్, మధ్యలో తీగ

ఒక్క రౌటర్‌తో మూడంతస్తులు ఏలాలని చూడొద్దు. పెద్ద యాంటెన్నాలు ఆరున్న రౌటర్ తెచ్చినా ఇంతే, ఎందుకంటే రౌటర్ గట్టిగా అరిచినా ఫోన్ తిరిగి అంత గట్టిగా పలకలేదు. 5 గిగాహెర్ట్జ్ స్లాబు దాటదు, దాటినా పనికిరాదు. అంతస్తుకొక యాక్సెస్ పాయింట్ (తీగ మీద వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే డబ్బా) పెట్టి, క్యాట్-6 నెట్‌వర్క్ తీగతో కలపడమే సరైన పని. తీగ లాగడం అసలు సాధ్యం కాకపోతేనే మెష్, అంటే వైఫై మీదే ఒకదానికొకటి కలిసే డబ్బాలు. అప్పుడు రెండో డబ్బాను సిగ్నల్ లేని గదిలో కాదు, మొదటిదాని వైఫై -65 డీబీఎం దాకా అందే చోట పెట్టాలి. ఆకలిగా ఉన్నవాడు ఇంకొకడికి అన్నం పెట్టలేడు.

తీగ విషయంలో మోసం ఎక్కువ. పెట్టె మీద క్యాట్-6 అని ఉండి, లోపల రాగి పూసిన అల్యూమినియం ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది కూడా. అసలు రాగి లోపలా ఎర్రగానే ఉంటుంది, వంగుతుంది గానీ తొందరగా విరగదు. ఒక్కో లైను 100 మీటర్లు దాటకూడదు, ఇళ్లలో ఆ సమస్య రాదు.

గోడ బయట నుంచి లాగితే నల్లటి పాలిథిలిన్ తొడుగున్న అవుట్‌డోర్ తీగే వాడండి. లోపల వాడే బూడిదరంగు తీగ మన ఎండలకు రెండు వేసవులు తట్టుకుంటే ఎక్కువ, పగుళ్లిచ్చి వాన నీళ్లు తాగుతుంది. వరంగల్, హన్మకొండలో ఎండకంటే కోతులతో పోరు ఎక్కువ. వేలాడే తీగ కనిపిస్తే ఊయలే. తీగ మొత్తం ముప్పావు అంగుళం పీవీసీ పైపులో, రెండడుగులకొక క్లాంపుతో గోడకు బిగించాలి, డబ్బా దగ్గర కూడా వేలాడే ముక్క ఉండకూడదు. గోడకు బెజ్జం బయటి వైపు వాలుగా కొట్టండి, దూరేముందు తీగను కిందికి చిన్న వంకీ తిప్పండి. వాన చుక్క ఆ వంకీ దగ్గరే రాలిపోతుంది, ఇంట్లోకి రాదు. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని వేయకూడదు.

క్రింపింగ్, అంటే తీగ కొసకు కనెక్టర్ బిగించడం, చేసేటప్పుడు క్లిప్పు కిందికి, తీగ మీ వైపుకు ఉండేలా పట్టుకుని, ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొసలా ఇదే వరస. మెలికలు అరంగుళం కంటే ఎక్కువ విప్పకండి, తొడుగు కూడా కనెక్టర్ లోపలికి దూరి నొక్కుకోవాలి. లింకు 1000 చూపాల్సిన చోట 100 చూపిస్తే ఎనిమిదింటిలో ఒక పోగు తగల్లేదని అర్థం. ఆ కొస కోసి మళ్లీ చేయడమే.

రెండో డబ్బాగా పాత రౌటర్ ఉంటే చాలు. తీగ కలపకముందే లాప్‌టాప్‌తో దాని పేజీ తెరిచి ఇలా చేయండి:

1. యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అదే ఎంచుకోండి. మిగతా అడుగులు చాలావరకు అదే చూసుకుంటుంది.
2. లేకపోతే ల్యాన్ ఐపీ (ఇంటి నెట్‌లో రౌటర్ చిరునామా) మార్చండి. మొదటి రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2. జియో ఫైబర్ అయితే 192.168.29.1 ఉంటుంది, దీనికి 192.168.29.2.
3. డీహెచ్‌సీపీ (ఫోన్లకు నెట్ చిరునామాలు పంచేది) ఆఫ్ చేయండి. మరిచిపోతే రెండు రౌటర్లూ చిరునామాలు పంచుతూ ఇంట్లో ఒక్కో ఫోన్‌కు ఒక్కోసారి నెట్ పోతుంది, కారణం దొరక్క వారం గడుస్తుంది.
4. తీగను వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి.
5. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మొదటిదానివే ఉంచండి, ఛానల్ మాత్రం వేరు.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు మూడే: 1, 6, 11. కింద 1, మధ్య 6, పైన 11, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. ఆటోలో వదిలేస్తే చుట్టుపక్కల అన్ని రౌటర్లూ ఒకదాని మీదే పడొచ్చు. 5 గిగాహెర్ట్జ్‌కు 36, 149 లాంటివి వేర్వేరుగా, వెడల్పు 80. 2.4 పవర్‌ను మీడియంకు తగ్గించండి, లేకపోతే పై అంతస్తుకు వెళ్లిన ఫోన్ కింది డబ్బానే పట్టుకుని వేలాడుతుంది. మళ్లీ అదే కాగితం తీసుకుని వైఫై బలం కొలవండి. మాట్లాడేచోట -67 కంటే మెరుగ్గా ఉండాలి.

బంగ్ల మీదా సిగ్నల్ లేని ఊళ్లలో

తాడ్వాయి, ఏటూరునాగారం, జన్నారం వైపు ఫైబర్ రాని ఇళ్లకు సిమ్ వేసుకునే అవుట్‌డోర్ 4జీ రౌటర్ దారి. ఇది బూస్టర్ కాదు, ఫోన్ లాంటి పరికరమే, కాబట్టి చట్టం చిక్కు లేదు. ఇక్కడ చేసే పెద్ద తప్పు యాంటెన్నాను పైన పెట్టి రౌటర్‌ను ఇంట్లో పెట్టడం. సన్నటి ఆర్‌జీ-58 తీగ 2300 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 1 డీబీ తింటుంది. పది మీటర్లు లాగితే 10 డీబీ పోతుంది, అంటే యాంటెన్నా తెచ్చిందంతా తీగే తినేసినట్టు. టీవీ కేబుల్ ఆర్‌జీ-6 వాడితే అది 75 ఓమ్‌లది, మనకు కావాల్సింది 50. అందుకే రౌటర్‌నే వానకు తట్టుకునే పెట్టెలో స్తంభం మీద పెట్టి, కిందికి క్యాట్-6 దించండి. కరెంటు కూడా అదే తీగలో పీఓఈతో వెళ్తుంది. ఈథర్‌నెట్ వంద మీటర్లు నడిచినా ఏమీ పోగొట్టదు.

ఒకటింపావు అంగుళం జీఐ పైపు, పైకప్పు మీద రెండు మీటర్లు, గాలిదుమారాలకు మూడు వైపులా లాగుడు తీగలు. పైపును ఎర్త్ గుంతకు కలపాలి, క్యాట్-6 ఇంట్లోకి దూరేచోట సర్జ్ అరెస్టర్ (పిడుగు పోటును ఆపేది) పెట్టాలి. యాంటెన్నాలు రెండు ఉండాలి, ఒకటి అటు 45 డిగ్రీలు, ఇంకొకటి ఇటు 45 వంచి. ఒక్కటే పెడితే వేగం సగం వదులుకున్నట్టే. తిప్పడం ఓపిక పని: 15 డిగ్రీలు తిప్పండి, నిమిషం ఆగండి, రెండు అంకెలూ రాయండి, మళ్లీ తిప్పండి. చివరికి బలం ఎక్కువున్న దిక్కు కాదు, ఎస్ఐఎన్ఆర్ ఎక్కువున్న దిక్కు ఎంచుకోండి. టవర్లు ఎక్కడున్నాయో టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్లో చూడొచ్చు.

అడవి పక్కన ఇంకో సంగతి. టేకు ఎండాకాలం ఆకు రాలుస్తుంది. ఏప్రిల్‌లో యాంటెన్నా బిగించి బ్రహ్మాండంగా ఉందనుకుంటే, జులైలో తడిసిన పెద్దాకులు అడ్డమొచ్చి అంకె పడిపోతుంది. పైపు ఎత్తు ఆకు ఉన్న కాలాన్ని బట్టి లెక్కేయండి.

రేకుల షెడ్లు, కోల్డ్ స్టోరేజీలు

రైసు మిల్లు, జిన్నింగ్ మిల్లు రేకుల లోపల మొబైల్ సిగ్నల్ ఆశ వదులుకోవచ్చు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పఫ్ ప్యానెళ్లకు (చలి బయటికి పోకుండా గోడలకు వాడే నురుగు పలకలు) రెండు వైపులా ఉక్కు రేకు ఉంటుంది, తలుపు వేస్తే గది మొత్తం ఇనుప డబ్బా. గదికొక యాక్సెస్ పాయింట్, తీగ మీదే. ఇంటి రౌటర్లు సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీల దాకానే. రేకు కింద మే నెల మధ్యాహ్నం అంతకు మించి కాగుతుంది, చలి గదిలో లోపల చెమ్మ పడుతుంది. రెండుచోట్లా ఐపీ-65 (దుమ్ము, నీటి జల్లు తట్టుకునే స్థాయి) లేదా అంతకంటే మెరుగైన అవుట్‌డోర్ రకమే నిలుస్తుంది. పత్తి మిల్లులో గాలి రంధ్రాలున్న డబ్బా వద్దు, నుసి పట్టి ఉడికిపోతుంది.

అపార్టుమెంట్లు

లిఫ్టు, సెల్లార్, యాభై ఫ్లాట్లు ఉన్నచోట ఎవరి వైఫై వాళ్లదంటే సరిపోదు. కంపెనీ చేత ఇన్-బిల్డింగ్ సొల్యూషన్ పెట్టించుకోవాలి. చట్టబద్ధమైన రిపీటర్లు, చిన్న సెల్స్ పెట్టగలిగేది వాళ్లే. 2024 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ స్టార్ రేటింగ్ నిబంధనలు తెచ్చింది, కాబట్టి బిల్డర్‌ను అడగడానికి ఇప్పుడొక ఆధారముంది. కొత్తగా కట్టేవాళ్లయితే లిఫ్టు పక్కన కింది నుంచి పైదాకా రెండంగుళాల ఖాళీ పైపులు రెండు, అంతస్తుకొక పెట్టె వదిలేస్తే చాలు. తర్వాత గోడలు తవ్వే పని తప్పుతుంది.

సంఘం పేరిట రాసే ఉత్తరంలో ఫ్లాట్ల సంఖ్య, ఆ కంపెనీ సిమ్ములెన్ని, భవనం అక్షాంశ రేఖాంశాలు, పరికరాలకు ఇవ్వగల చోటు, కరెంటు, అంతస్తువారీగా కొలిచిన అంకెలు ఉండాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోండి, అది లేకుండా అప్పీలు నడవదు. కొలిచిన కాగితం జత చేయకుండా "సిగ్నల్ లేదు" అని మాత్రం రాస్తే, వచ్చినతను నేరుగా బంగ్ల ఎక్కి, ఫోన్ చూసుకుని, "ఉంది కదా సార్" అని దిగిపోతాడు.